ప్రభువు వచ్చేలోగా ద్రాక్ష నాటిన టాటెయిస్

పుట్టింటి నుంచి తిరిగి వస్తున్న టాటెయిస్ గాడిద దారి మధ్యలో మొండికేసి ఆగిపోయింది. ఎదురుగా దుమ్ము లేచింది. అందులోంచి ముందు పాట వినిపించింది, ఆ తర్వాత మనుషులు కనిపించారు. ముసలివాళ్ళు, చంకబిడ్డల తల్లులు, అంతా ఆమె ఊరివాళ్ళే. ఒక్కరి చేతిలోనూ మూట లేదు. ముందు నడుస్తున్నవాడు ఆమె మరిది జోటికోస్, ఊళ్ళో సంఘానికి పెద్ద.

కోతలకు ముందే ప్రభువు పరలోకం నుంచి దిగి వస్తాడనీ, కొత్త యెరూషలేము నగరం పెపూజ ఊరి మైదానంలోనే దిగుతుందనీ ఆ వసంతంలో ఫ్రుగియ దేశమంతా ఒకటే మాట. వీళ్ళు అక్కడికే బయలుదేరారు.

"ఏమిటి వదినా గాడిద మీద ఆ మోపు?"

"కళ్ళు కనబడ్డం లేదా? ద్రాక్ష కొమ్మలు. మా అన్న తోటవి."

"నాటడానికా?"

"కాకపోతే పళ్ళు తోముకోడానికా?"

వెనక ఎవరో కిసుక్కున నవ్వి, జోటికోస్ చూపు పడగానే నోరు మూసుకున్నారు.

"అవి కాపుకి రావాలంటే మూడేళ్ళు పడుతుంది. మూడేళ్ళు ఎక్కడున్నాయి వదినా?"

మోపుకి చుట్టిన తడిగోనె ఆరిపోతోందేమోనని టాటెయిస్ చేత్తో నొక్కి చూసుకుంది. పన్నెండేళ్ళ కింద ఆమె మొగుడు కూడా సరిగ్గా ఈ మాటే అన్నాడు. అప్పుడు వేరే ప్రవక్త, వేరే గడువు. ఎడ్లను ఎవరికో ఇచ్చేశాడు, పొలం బీడు పెట్టాడు. గడువు దాటింది, ప్రభువు రాలేదు, చలికాలం మాత్రం వచ్చింది. ముళ్ళమొక్కల వేళ్ళు ఉడకబెట్టుకు తిన్నారు. మూడేళ్ళ కూతురు నానా ఆ వేళ్ళు అరగక చనిపోయింది. బెంగతో మొగుడూ ఎక్కువ కాలం బతకలేదు. ఆ తర్వాత తోట కత్తి టాటెయిస్ చేతిలోకి వచ్చింది.

ఆమె నమ్మకం మాత్రం సడలలేదు. లోకం రేపే ముగుస్తుందనుకునేవాళ్ళకు ఒక వింత మంచితనం అబ్బుతుంది. ఈ క్షణమే ఆయన తలుపు తడితే ఎలా అన్న ఆలోచన రాగానే బానిస మీదికి లేచిన చెయ్యి దిగిపోతుంది. పొరుగువాడితో గట్టు తగాదా వస్తే టాటెయిస్ ఆ గట్టు వాడికే వదిలేసి వచ్చి హాయిగా నిద్రపోయింది. ఉన్న రెండు అంగీల్లో ఒకటి ఎవరికో తొడిగింది. తేనెలాంటి ఆ ఎదురుచూపే ఒక్కొక్కరిలో పులిసి ఘాటెక్కుతుంది కూడా. జోటికోస్ పెళ్ళిళ్ళు ఆపించాడు, ఉపవాసాలు రెట్టింపు చేశాడు, చివరికి ఈ ఏడాది విత్తనపు గింజలు కూడా వండించి, ఇదే ఆఖరి విందని అందరిచేతా తినిపించాడు.

"ఆ మోపు ఇక్కడే పారెయ్యి," అన్నాడతను. "లేదంటే ఇక ఆదివారం ప్రార్థనలో మా బల్ల దగ్గరికి రొట్టె విరవడానికి రావద్దు."

టాటెయిస్ మోపు కట్టిన తాడు పట్టుకుంది. పాత దేవుళ్ళను వదిలిన నాడే పుట్టింట్లో అన్న తప్ప అందరూ ఆమెను వదిలేశారు. ఆదివారం పూట ఆ బల్ల దగ్గర పక్కవాళ్ళ భుజం తగలడం తప్ప ఆమెకు లోకంలో మరో చుట్టరికం లేదు.

అయినా తాడు వదల్లేదు.

"ఆయన వచ్చే వేళ ఎవరికీ తెలీదని మాకు నేర్పింది నువ్వే. ఇప్పుడు నీకెవరు చెప్పారు? యజమాని వస్తున్నాడంటే ఇల్లూడ్చి పొయ్యి వెలిగిస్తారు మరిదీ, ఉన్నదంతా తినేసి వీధిలో నిలబడరు. చేతికి ఆ మట్టేమిటే అని ఆయనడిగితే నేను తోట చూపిస్తా. నువ్వేం చూపిస్తావు? ఈ పిల్లల డొక్కలా?"

"నోరు అదుపులో పెట్టుకో!"

"నానా పోయిన రోజున పెట్టుకున్నాను. చాలు."

ఎవరూ కదల్లేదు. అప్పే అనే జోటికోస్ భార్య మాత్రం చంటిదాన్ని భుజం మార్చుకుంటూ ముందుకొచ్చింది.

"అక్కా, రొట్టేమైనా ఉందా?"

"ఉపవాసం!" అని అరిచాడు జోటికోస్.

"నాకు ఉపవాసమేనండీ. దీనికి పాలు రావడం లేదు."

టాటెయిస్ సంచి విప్పి, గాడిద వీపు మీదే బార్లీ రొట్టెలు విరిచి, ఎండు అత్తిపళ్ళతో పాటు చేతులు చాచిన పిల్లలందరికీ పంచింది. తనకు ఒక్క ముక్క కూడా ఉంచుకోలేదు.

"బల్ల నీ దగ్గరే ఉంచుకో," అంది మరిదితో. తర్వాత అప్పే చెవి దగ్గరికి వంగి, "మా తలుపుకి గడియ వెయ్యనే," అంది.

తోలుతిత్తిలో మిగిలిన నీళ్ళన్నీ గోనె మీద పోసింది.

జోటికోస్ చెయ్యెత్తి, వాళ్ళు విడిపోయేటప్పుడు ఎప్పుడూ చెప్పుకునే మాట చెప్పాడు: "ప్రభువా, రా!" గుంపంతా ఆ మాటే తిరిగి పలికింది. టాటెయిస్ గొంతు ఒక్కటే తగ్గింది. ఆ గొంతు కోసం అతను ఎత్తిన చెయ్యి దించకుండా ఆగాడు.

టాటెయిస్ అప్పటికే గాడిద పగ్గం పట్టుకుని ఊరివైపు నడుస్తోంది. పొద్దు నెత్తికెక్కక ముందే కొమ్మలు మట్టిలో పడాలి.