పెట్రోలు మింగిన సీజన్

ఆ రోజు నోట్లోకి పెట్రోలు వచ్చింది. అది నాకు కొత్త కాదు. డ్రైవరు పని చేసినవాళ్లకు రబ్బరు ట్యూబు నోట్లో పెట్టుకుని పెట్రోలు లాగడం బీడీ లాగినంత మామూలు. నోట్లోకి వస్తే ఉమ్మేసి, నీళ్లు పుక్కిలించి, మళ్లీ పనిలో పడతాం. ఆ రోజు మాత్రం ఉమ్మేలోపే దగ్గు వచ్చింది. దగ్గుతో పాటు ఒక గుక్క లోపలికి పోయింది. గొంతు నుంచి కడుపు దాకా మంట.

అవి అరవై తొమ్మిది మొదటి నెలలు. తెలంగాణ ఉద్యమం ఊపు మీద ఉంది. రోజూ ఎక్కడో ఒకచోట బంద్. బంకుల్లో పెట్రోలు దొరికేది కాదు. మాది మొయినాబాదు. చేవెళ్ల దగ్గర ఆలూరులో నర్సింహారెడ్డి పటేలు అనే ఆసామి దగ్గర నేను డ్రైవరుగా ఉండేవాణ్ణి. ఆయనకు రెండు పిచ్చులు, రాజకీయం, కార్ల పందెం. రాజకీయంలో తానే నిలబడేవాడు, పందెంలో నన్ను కూర్చోబెట్టేవాడు. రెండింట్లో ఏది ప్రమాదమో ఆయనకు బాగా తెలుసని నా అనుమానం.

ఆ రోజుల్లో మన దేశంలో పందేలకు వేరే బాటలు ఎక్కడివి? ప్రపంచ యుద్ధం నాటి విమానాల రన్‌వేల మీద గడ్డి కట్టలు, ఖాళీ డ్రమ్ములు అడ్డం పెట్టి కార్లు పరుగెత్తించేవారు. ఆ సీజన్‌లో మూడు పోటీలు. ఒకటి బెంగళూరు దగ్గర, ఒకటి కలకత్తా దగ్గర, చివరిది మద్రాసు దగ్గర. మూడింటి పాయింట్లు కలిపి ఎవరికి ఎక్కువ వస్తే వాడు జాతీయ చాంపియన్. మాది రోడ్ల మీద తిరిగే మామూలు కార్ల తరగతి. పటేలు ఫియట్‌కు వెనక సీటు పీకేసి, తలుపుల మీద తెల్ల రంగుతో పెద్ద నంబరు వేయించాం. రెండు పోటీలయ్యేసరికి పాయింట్లలో నేనే ముందున్నాను. మద్రాసులో మొదటి ముగ్గురిలో వస్తే చాలు. చేవెళ్ల సంతలో ఉల్లిగడ్డలు అమ్మే ఆవిడ కూడా, "మద్రాసోళ్లను గెలుస్తవా రత్నం?" అని అడిగేది.

మద్రాసు ప్రయాణానికే ఆ పెట్రోలు. పటేలు జీపును మా ఇంటి ముందు ఆపి, అందులోంచి ఫియట్‌లోకి లాగుతున్నాను. నేను దగ్గుతూ కూలబడగానే మా అమ్మ, మేం అవ్వ అనే పిలుస్తాం, చెంబెడు ఉప్పునీళ్లతో పరుగెత్తుకొచ్చింది.

"తాగు కొడుకా. లోపలికి పోయిందంత బయటికి రావాలె."

మా వైపు ఎవరు ఏది మింగినా మొదటి మందు ఉప్పునీళ్లే. తాగాను. రెండుసార్లు వాంతి అయింది. ముక్కులోంచి కూడా పెట్రోలు వాసన కొట్టింది. వాంతి ఆగింది గాని దగ్గు ఆగలేదు. "చూసినవా, అంత కక్కేసినవ్" అని అవ్వ నా వీపు నిమిరింది. నాకూ గండం గడిచిందనే అనిపించింది.

సాయంత్రానికి ఒళ్లు కాలిపోయింది. కుడివైపు ఛాతీలో పోట్లు. అయినా మర్నాడు పటేలును పక్కన కూర్చోబెట్టుకుని చేవెళ్ల రోడ్డు మీద కారు నడిపి చూశాను. మలుపు తిప్పేటప్పుడు స్టీరింగు లాగితే ఊపిరి మధ్యలో తెగిపోయింది. కారు పక్కకు ఆపి స్టీరింగు మీద తల ఆనించాను.

"ఏమైందిరా, భయమైతున్నదా?" అన్నాడు పటేలు.

"భయం కాదు పటేలా. గాలి సాలుతలేదు."

చేవెళ్లలో చూపిస్తే సర్ది అని సూది వేశారు. నాలుగు రోజులకు కళ్లెలో నెత్తురు చార కనిపించింది. ఈసారి అక్కడి డాక్టరు చాలాసేపు వీపు మీద స్టెతస్కోపు పెట్టి విన్నాడు. "టీబీ అనిపిస్తున్నది. పట్నం పోయి ఎక్స్‌రే తీయించు" అన్నాడు.

టీబీ అన్న మాట నాకంటే ముందే మొయినాబాదు చేరింది. మా ఇంటి ముందు ఆడుకునే పిల్లలను తల్లులు లోపలికి పిలుచుకున్నారు. ఆ రోజు అవ్వ నాకు వాకిట్లో అన్నం పెట్టింది. సగం తిని వదిలేశాను. నా కంచంలో మిగిలిందాన్ని ఆమె అక్కడే, అందరూ చూస్తుండగా, మెతుకు లేకుండా తినేసింది.

పట్నానికి బస్సులు లేవు. జీపులో పెట్రోలు లేదు, దాన్ని ఫియట్‌లోకి పోసిన మొనగాణ్ణి నేనే కదా. అందుకని పందెం కారులోనే బయల్దేరాం. పటేలు స్టీరింగు పట్టాడు. వెనక సీటు పీకిన చోట బొంత పరిచి, అవ్వ ఒళ్లో తలపెట్టి నన్ను పడుకోబెట్టారు. ఊరు దాటకముందే ఉద్యమం విద్యార్థులు కారుకు అడ్డం నిలబడ్డారు.

"గీ నంబరేంది? ఎవని కారిది?"

"పందెం కారు తమ్మీ. లోపల పేషెంటున్నడు" అన్నాడు పటేలు.

ఒకడు లోపలికి తొంగి చూశాడు. "అరె, మన రత్నమన్న. మద్రాసుకు పోవాల్సినోడు గిట్ల పడ్డడేంది?" అని సుద్దముక్కతో బానెట్ మీద పెద్ద అక్షరాలతో జై తెలంగాణ అని రాశాడు. "ఇగ మిమ్ములను ఎవ్వరు ఆపరు, పోండి."

ఆ రాత చూసే పట్నం పొలిమేరలో పోలీసులు ఆపారు. పటేలును దింపి, ఆయన తువ్వాలతోనే దాన్ని తుడిపించారు. అవ్వ నా తల మీద చెయ్యి తీయకుండా అంది, "రాసెటోళ్లు రాస్తరు, తుడిపిచ్చెటోళ్లు తుడిపిస్తరు. నా కొడుక్కు ఊపిరాడుతలేదు, అది ఎవ్వరికి పట్టది."

దవాఖానలో ఎక్స్‌రే తీశారు. కళ్లె పరీక్ష మూడుసార్లు చేశారు. అన్నిసార్లూ నెగెటివ్. చెస్ట్ వార్డు పెద్ద డాక్టరు ఫిల్మును కిటికీ వెలుతురుకు పట్టి, "ఇది టీబీ కాదు. ఏం పని చేస్తవ్? ఏమన్న మింగినవా?" అని అడిగాడు. అప్పటిదాకా ఆ మాట ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. పెట్రోలుకూ ఊపిరితిత్తులకూ సంబంధం ఉంటుందని నాకెలా తెలుస్తుంది?

చెప్పాను. ఆయన మళ్లీ అడిగాడు. "వాంతి అయిందా? చేయించినరా?"

"ఉప్పునీళ్లు తాగించిండ్రు సార్."

ఆయన కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. "పెట్రోలు కడుపులో ఉంటే అంత నష్టం లేదు. లంగ్స్‌లోకి పోతేనే నష్టం. నువ్వు దగ్గినప్పుడే కొంత పోయి ఉంటది. కక్కినప్పుడు ఇంకా ఎక్కువ పోయింది. దీన్ని కెమికల్ న్యుమోనియా అంటరు. ఎవరు తాగించిండ్రు?"

అవ్వ తలుపు అవతల వరండాలో నేల మీద కూర్చుని ఉంది. ఆమె చెప్పులు కనిపిస్తున్నాయి.

"సార్, ఈ ముచ్చట మా అవ్వకు చెప్పకుండ్రి" అన్నాను.

"ఆమె అడగకపోతే నేను చెప్పను. నువ్వు మీ ఊరోళ్లకు చెప్పాలె మరి" అన్నాడాయన.

పెన్సిలిన్ మొదలుపెట్టారు. వారానికి జ్వరం తగ్గినట్టే తగ్గి మళ్లీ ఎగబాకింది. ఊపిరితిత్తి చుట్టూ చీము పట్టింది, ఎంపైమా అన్నారు. పక్కటెముకల మధ్య ట్యూబు వేసి, దాని కొసను మంచం కింద సీసాలో పెట్టారు. నవ్వితే నొప్పి, తుమ్మితే ప్రాణం పోయేది. మద్రాసు పోటీ జరిగిన రోజు నేను ఆ సీసాలో బుడగలు చూస్తూ పడుకున్నాను.

పటేలు తానే నడపడానికి పోయాడు. తిరిగొచ్చి మంచం మీద కూర్చుని నవ్వుతూ చెప్పాడు. "రెండు ల్యాపులు మంచిగనే పోయిన రత్నం. మూడో దాంట్ల సీద గడ్డి కట్టల్లకు పోయిన." చాంపియన్ మద్రాసువాడే అయ్యాడు. నాకు నవ్వు రాలేదు. ఆయన వెళ్లాక దుప్పటి ముఖం మీదికి లాక్కుని ఏడ్చాను. నా చేతిలోకి వచ్చింది జారిపోయింది, చేసింది ఎవరో శత్రువైనా బాగుండేది.

ట్యూబు తీశాక డాక్టరు ఒక అగ్గిపుల్ల గీసి నా ముఖానికి జానెడు దూరంలో పట్టుకున్నాడు. "పెదాలు ముడవకుండ, నోరు తెరిచి ఊది ఆర్పు." ఎంత ఊదినా మంట ఊగింది తప్ప ఆరలేదు. పుల్ల ఆయన వేళ్ల దాకా కాలింది. "ఇది ఆర్పినప్పుడే స్టీరింగు పట్టు" అన్నాడు. ఇంటికొచ్చాక పొద్దున్నే పొలం గట్ల మీద నడిచాను. నీళ్ల సీసాలో గొట్టం పెట్టి ఊదాను. అవ్వ పక్కన కూర్చుని, "ఇంకొంచెం ఊదు, నీ పందెం అదే" అనేది. వానలు వెనకపట్టాక మళ్లీ పోతే పుల్ల ఆరింది. డాక్టరు ఇంకొకటి గీశాడు, అదీ ఆరింది.

తర్వాతి సీజన్‌లో మద్రాసు రన్‌వే మీద నడిపాను. ఐదోవాణ్ణిగా వచ్చాను. ముందు కారు పొగకు ఛాతీ పట్టేసేది. ఇక చాలని నాకే తెలిసింది. పటేలు ఫియట్‌కు వెనక సీటు మళ్లీ బిగించాం.

ఊరోళ్లకు చెప్పమన్న డాక్టరు మాట మాత్రం నా గొంతులోనే ఉండిపోయింది. ఎందుకంటే మా చర్చిలో సాక్ష్యం చెప్పే ఆచారం ఉంది. దేవుడు చేసిన మేలును నిలబడి అందరికీ చెప్పాలి. స్త్రీల ప్రార్థన కూటంలో మా అవ్వ సాక్ష్యం ఎప్పుడూ ఒకటే. "దేవుడు నా చేతికి ఉప్పునీళ్లిచ్చి నా కొడుకును బతికిచ్చిండు." ఆడవాళ్లంతా ఆమెన్ అనేవారు. ఆ ముఖంలో వెలుగు చూశాక ఏమని చెప్పను?

ఆ తర్వాత ఒకరోజు పక్కింటి సుగుణమ్మ కూతురు స్టవ్ పక్కనున్న సీసాలో కిరోసిన్ నీళ్లనుకుని తాగింది. సుగుణమ్మ కేకకు నేను వెళ్లేసరికి అవ్వ అప్పటికే చెంబుతో అక్కడ ఉంది. పిల్ల గదవ పట్టుకుని నోరు తెరిపిస్తోంది. నేను అవ్వ చెయ్యి పట్టుకున్నాను.

"వద్దవ్వా. తాగియ్యకు."

"ఇడువురా. నువ్వు బతికింది దీంతోనే."

"కాదు. నేను దవాఖానల పడింది దీంతోనే."

వాకిలంతా జనం. అవ్వ నన్ను చూసింది, చెంబు మెల్లగా కింద పెట్టింది. నేను పిల్లను ఎత్తుకుని, మా ఇంటి ముందున్న పటేలు ఫియట్ తీశాను. దవాఖానలో కక్కించకుండా, ఎక్స్‌రే తీసి, రెండు రోజులు అబ్జర్వేషన్‌లో ఉంచి పంపించారు. పిల్లకు కొద్దిగా దగ్గు తప్ప ఏమీ కాలేదు.

నేను తిరిగొచ్చేసరికి అవ్వ గడపలో కూర్చుని ఉంది.

"నీకెప్పుడెర్క?"

"అప్పుడే. పెద్ద డాక్టరు చెప్పిండు."

"నాకెందుకు చెప్పలే?"

"నువ్వు బాధపడ్తవని."

"నేను బాధపడ్తనని ఊరోళ్ల పిల్లలను సంపుకుందమనుకున్నవా?" అంది. ఆ రోజు ఇద్దరం అన్నం తినలేదు.

ఆ వారం అవ్వను కూటానికి నేనే కారులో దింపాను. తలుపు దగ్గర నిలబడి విన్నాను. అవ్వ లేచి కొంగు సరిచేసుకుంది. "ఇన్ని దినాలు నేను తప్పు సాక్ష్యం చెప్పిన. నా కొడుక్కు నేనే ఉప్పునీళ్లు తాగిచ్చిన, అండ్లనే వాని ఊపిరి పాడయింది. వాడు నాకు చెప్పకుండ దాసిండు. మీరెవ్వరు తాగియ్యకుండ్రి." ఎవరూ ఆమెన్ అనలేదు. సుగుణమ్మ లేచి వెళ్లి ఆమె పక్కన కూర్చుంది.

అవ్వ ఇప్పుడు లేదు. నాకు మెట్లెక్కితే ఆయాసం, చలికాలం దగ్గు, మిగతా అంతా బాగానే ఉంది. ఇప్పటికీ సొంతంగా కారు నడుపుకుంటాను, చేవెళ్ల రోడ్డు మీద నన్ను దాటిపోని కారు లేదు. పెట్రోలు గాని కిరోసిన్ గాని ఎవరైనా మింగితే ఉప్పునీళ్లు, చింతపండు రసం, సబ్బు నీళ్లు ఏవీ తాగించకండి. గొంతులో వేలు పెట్టి కక్కించకండి. కూర్చోబెట్టి నేరుగా దవాఖానకు తీసుకుపోండి. చెంబు పట్టుకొచ్చింది కన్నతల్లి అయినా సరే, చెయ్యి పట్టుకుని ఆపండి. ఎందుకు ఆపారో కూడా ఆమెకు అప్పుడే చెప్పండి.