నైరుతి పల్లం

ల్యాండ్‌స్కేప్ డిజైన్ సిలబస్‌లో మొదటి పాఠం సమతుల్యత. ఆ తర్వాత లయ, నిష్పత్తి, ఏకత్వం. వినడానికి బాగానే ఉంటాయి. నేను మాత్రం ఏ ఏడాదీ అక్కడ మొదలుపెట్టలేదు. మేడ్చల్ దగ్గరి మా కాలేజీలో మొదటి రోజే పిల్లలను బయటికి తీసుకెళ్లి, నేల మీద బకెట్ నీళ్లు కుమ్మరించి, అవి ఎటు పోతే అటు నడవమనేదాన్ని. మొక్కల పేర్లు తర్వాత నేర్చుకోవచ్చు. పాఠం చెప్పమంటే నీళ్లు పారబోస్తోందని తోటి లెక్చరర్లు నవ్వేవారు. నవ్వితే నవ్వనీ అనుకునేదాన్ని.

రెండేళ్ల కిందట ఫైనలియర్ పిల్లలకు అలియాబాద్ దగ్గరి ఒక ప్లాట్ల వెంచర్‌లో పార్కు గీసే పని వచ్చింది. వెంచర్ యజమాని మా కాలేజీ కమిటీలో పెద్దమనిషి. ఆ నేల ఒకప్పుడు వాళ్ల వరి పొలం. వాన నీరంతా ఈశాన్యం నుంచి నైరుతి మూలకు చేరి, అక్కడి నుంచి చెరువు వైపు పోతుంది. పిల్లలు ఆ మూలను పల్లంగానే ఉంచి, తుంగ, మద్దిచెట్లు గీశారు.

ఆయన ప్లాను చూసి, ఆ మూలను మట్టితో నింపి ఎత్తు చేయమన్నాడు. నింపితే నీళ్లు పక్కనున్న కూలీల రేకుల ఇళ్లలోకి మళ్లుతాయని చెప్పాను. బహుశా ఆయన గమనించలేదేమో అనుకున్నాను. నాదెంత అమాయకత్వం!

"వాస్తు తప్పి నైరుతి పల్లముంటే ప్లాటు ఎవడు కొంటడు మేడం?" అన్నాడు. "నీళ్లు ఎటు పోతయో నాకు తెల్వదా? గిది మా పొలమే. తెలిసే పూడుస్తున్న."

నాకు ఒళ్లు మండిపోయింది. తెలియక చేసేవాడికైతే పాఠం చెప్పగలను, తెలిసి చేసేవాడికి ఏం చెప్పాలి?

మర్నాడు ప్రిన్సిపాల్ పిలిచారు. ప్లానులో నీరు పారే దిశను చూపే బాణం గుర్తు ఉంటుంది కదా, దాన్ని ఈశాన్యానికి తిప్పించమన్నారు. వచ్చే ఏడాది నా ఉద్యోగం కూడా గుర్తుంచుకోమన్నారు. బాణం తిప్పితే నీళ్లు తిరగవు కదా సార్ అని బయటికొచ్చేశాను.

ఆ సంగతి పిల్లలకు దాచకుండా చెప్పాను. గుర్తు మార్చినా మార్కులు తగ్గించను, ఎవరిష్టం వాళ్లదన్నాను. ఒక్కరూ మార్చలేదు. లాల్‌గడి మలక్‌పేట్ నుంచి వచ్చే రైతుబిడ్డ ఒకమ్మాయి మాత్రం కాగితం పక్కన పెట్టి, ఆ నేల వాలును ఉన్నదున్నట్టుగా మట్టితో నమూనా చేసింది.

ప్రదర్శన రోజు ఆ పెద్దమనిషి ముందు వరుసలో కూర్చున్నాడు. ముందున్న టేబుల్ మీద ఆయన కోసం గ్లాసుతో నీళ్లు పెట్టారు. నమూనా వైపు చూపించి, నైరుతి ఎందుకు పల్లం పెట్టావని ఆ అమ్మాయినే అడిగాడు. ఆమె ఆయన ముందున్న గ్లాసు తీసుకుంది.

"నేను పెట్టలె సార్. మీరే సూడుండ్రి," అని ఆ నీళ్లు ఈశాన్యం మూల పోసింది.

నీళ్లు మెల్లగా నైరుతికి పారాయి.

ఆ జూన్ నుంచి నా పాఠాలు వేరొకరికి ఇచ్చారు. ఇస్తే ఇచ్చారు. నేనిప్పుడు యాప్రాల్‌లో ఇంటి డాబా మీద పాఠాలు చెబుతున్నాను, బకెట్ ఇక్కడా ఉంది. ఆ నమూనా తడిసి కరిగిపోయింది. దానికి నూటికి నూరు వేసే బయటికొచ్చాను.