మా రేణుక వరికోత మిషన్ నడిపింది

నిన్న పొద్దున స్కూల్లో ప్రేయర్ బెల్ కొట్టే టైమ్‌కి ఫోన్ మోగింది. స్క్రీన్ మీద రేణుక పేరు.

తీయగానే, "ఏంటే, ఇంత పొద్దున్నే గుర్తొచ్చానా?" అన్నాను.

అటు వైపు వాళ్ల నాన్న.

"బిడ్డా, రేణుక లేదమ్మా."

ఎక్కడికెళ్లింది అని అడిగాను. నిజంగానే అడిగాను. ఆయన ఏడుపు వినపడ్డాక గానీ నాకు అర్థం కాలేదు.

వారం నుంచి జ్వరం. సూర్యాపేట దవాఖానలో ఉందని తెలుసు. మొన్న సాయంత్రం కూడా "ప్లేట్‌లెట్స్ పెరుగుతున్నయంట, పరేషాన్ గాకు" అని మెసేజ్ పెట్టింది. తెల్లారేసరికి గుండె ఆగిపోయిందట.

తెలియని వాళ్ల కోసం చెబుతున్నాను. రేణుకది పెన్‌పహాడ్ దగ్గర పల్లె, నాది కోదాడ. సూర్యాపేటలో డిగ్రీ చదివినన్నాళ్లూ ఇద్దరిదీ ఒకే హాస్టల్ రూమ్. "మీ కోదాడోళ్లు సగం ఆంధ్రోళ్లే" అని నా మాటను వెక్కిరించని రోజు లేదు.

ఫైనలియర్‌లో ఒక సార్ అందరినీ లేపి లైఫ్ గోల్ అడిగారు. బ్యాంక్, పోలీస్, గ్రూప్స్. నేను టీచర్ అన్నాను.

రేణుక లేచి, "ఇంకా సూడలే సార్" అంది.

క్లాసంతా నవ్వింది. నేనూ జోకనుకున్నాను. కాదు. అది నిజంగానే చూడటానికి బయలుదేరింది.

ఏ ఉద్యోగం మీద మనసు పోయినా, ఆ పని చేసేవాళ్లను మధ్యాహ్నం మూడింటికి వెళ్లి చూసేది. తోడు నేను. మిర్యాలగూడలో ఒక బ్యాంకుకు వెళ్లి, ఏ పనీ లేకుండా కుర్చీల్లో కూర్చున్నాం. వాచ్‌మన్ మమ్మల్ని అనుమానంగా చూస్తుంటే నాకు చెమటలు. దానికి మాత్రం చీమ కుట్టినట్టయినా లేదు.

"మూడింటికే ఎందుకే?" అని అడిగాను.

"పొద్దుగాల ఏ పనైనా మంచిగనే కనపడ్తది. తిన్నంక నిద్రొస్తది సూడు, అప్పుడు గూడ ఆ మనిషి మొఖం మంచిగుంటే, గా పని మంచిదన్నట్టు."

ఈ లెక్క దానికి ఎవరు నేర్పారో నాకు ఇప్పటికీ తెలియదు. నేనెప్పుడూ మూడింటికి స్కూల్ వైపు తొంగి చూడలేదు. చూసుంటే టీచర్ అయ్యేదాన్ని కాదేమో.

చివరికి దానికి నచ్చింది ఏంటో తెలుసా? వరికోత మిషన్.

ఆ ఏడాది యాసంగిలో, అంటే రబీ కోతలప్పుడు, వాళ్ల పొలం కోయడానికి మిషన్ వచ్చింది. నడిపేది తమిళనాడు నుంచి ప్రతి సీజన్‌కూ వచ్చే అన్న. రేణుక మండుటెండలో ఆయన పక్కన ఎక్కి కూర్చుంది. దిగేసరికి కనురెప్పల మీద కూడా దుమ్ము. ఒళ్లంతా గోక్కుంటూ నాకు ఫోన్ చేసి, "దొరికిందే" అంది.

డిగ్రీ చదివి ఇదేం పిచ్చే అన్నాను. వాళ్ల నాన్నయితే ససేమిరా అన్నాడు. "ఆడపిల్ల మిషన్ ఎక్కితే కోతకు ఎవడు పిలుస్తడు? ఊరంత నవ్వుతది."

అది వాదించలేదు. మిర్యాలగూడలో హెవీ డ్రైవింగ్ నేర్చుకుంది. సీజన్ రాగానే ఆ తమిళన్న దగ్గరే హెల్పర్‌గా చేరింది. బ్లేడ్లు మార్చడం, బెల్టులు బిగించడం, గ్రీజు పెట్టడం అన్నీ పట్టేసింది.

పట్టు వదలకపోయేసరికి వాళ్ల నాన్న ఒక షరతు పెట్టాడు. "ముందుగాల మన పొలం కొయ్యి. గట్టు తెగొద్దు, వడ్లు పోవద్దు. అప్పుడు మాట్లాడుదాం."

ఆ రోజు నేనూ వెళ్లాను. గట్టు మీద సగం ఊరు కూర్చుంది. మా రేణుక మేడమ్‌కు ఆగేంత ఓపిక లేదు. మంచు ఆరకముందే తమిళన్న మిషన్‌ను మడిలోకి దించింది. తడి గడ్డి చుట్టుకుని మిషన్ బిగుసుకుపోయింది. తడి మీద కోయకూడదని రైతు బిడ్డకు వేరే చెప్పాలా? తొందరలో మరిచిపోయింది.

గట్టు మీద ఒకటే నవ్వులు. నేను తలెత్తలేకపోయాను.

రేణుక ఇంజిన్ ఆపి, దిగి, గడ్డిని చేత్తో పీకింది. తర్వాత వచ్చి నా పక్కన కూర్చుని టీ అడిగింది. మంచు పూర్తిగా ఆరాక మళ్లీ ఎక్కింది. ఈసారి ఆగలేదు.

వాళ్ల నాన్న మిషన్ వెనకాలే నడిచాడు. పడిన గడ్డిని గుప్పిట్లోకి తీసుకుని, గింజలు మిగిలాయేమోనని నలిపి చూశాడు. ఇంకా ముందుకెళ్లి మళ్లీ నలిపాడు. పక్క పొలం రైతు దగ్గరికి వెళ్లి, "మా బిడ్డ కోస్తది, పిలుసుకో" అన్నాడు.

ఆ తర్వాత రెండు సీజన్లు మా రేణుక మిషన్ నడిపింది. వాడపల్లి దాకా వెళ్లి కోసింది.

ఇక తర్వాతేంటే అని మొన్నీమధ్య అడిగాను. "మిషన్ కొంటనో, రిపేర్ షెడ్డే పెడ్తనో, ఇంకా తెల్వది" అని నవ్వింది. ఏది చేసేదో. తెలుసుకోవాలని ఇప్పటికీ ఉంది. ఇక అడగడానికి మనిషి లేదు, అదే తట్టుకోలేకపోతున్నాను.

నిన్న సాయంత్రం ఊళ్లో అన్నీ అయిపోయాయి. ఆడవాళ్లు ఏడుస్తూ, "పెండ్లి గాలే, పిల్లలు గాలే. ఏ ముచ్చటా తీరకుండనే పాయె" అంటున్నారు.

వాళ్ల నాన్న తలెత్తాడు.

"గట్లనకు వదినె. నా బిడ్డ ముచ్చట అది తీర్సుకున్నది. నేనే అడ్డం నిలవడ్డ. అయినా తీర్సుకున్నది."

ఆ మాట నువ్వు వినాల్సింది, రేణూ.

పోయి రావే. నీ మనసుకు ఏ తొందరా లేని చోట హాయిగా ఉండు.