ఎర్ర డ్రమ్ము జరిగిందని నాకు తెలుసు

తొమ్మిదేళ్ళుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. చిన్న మాటే. దించుకునే చోటు మాత్రం దొరకలేదు. మీరెవరో నాకు తెలియదు గనుకనే మీకు చెబుతున్నాను.

బడిపంతులుగా పదవీ విరమణ చేశాక కావలికి తూర్పున ఒక మత్స్యకారుల పల్లెలో స్థిరపడ్డాను. అక్కడ సముద్రం అడుగున ఒక రాతిదిబ్బ ఉంది. దాని మీద పగడాలు, గుంపులుగా చేపలు. ఏటా నీళ్ళు తేటపడే కొద్ది వారాలూ పోలయ్య అనే పడవవాడు చూడవచ్చినవారికి కళ్ళద్దాలూ గాలిగొట్టమూ తగిలించి దానిని చూపించేవాడు. అదే అతని జీవనాధారం. దిబ్బపై లంగరు పడరాదన్న నియమం రాసింది నేను. తప్పినవాడి పడవ మళ్ళీ అక్కడికి పోరాదని ఊరిపెద్దలు దురాయి, అంటే ఊరి ఆన, వేసి కట్టడి చేశారు. దిబ్బ అంచుకు గుర్తుగా ఒక ఎర్ర డ్రమ్మును తేలగట్టాము; లంగరు దానికి ఇవతలే వేయాలి. ఒడ్డున చర్చి శిఖరమూ నీళ్ళ ట్యాంకూ ఒకే వరుసలో కనబడే చోట అది ఉండాలి. సరిచూసే బాధ్యత నాది.

ఒకనాడు నేనూ నీళ్ళలోకి దిగాను. గొట్టంలోకి ఉప్పునీరు రాగానే పోలయ్య మెడ పట్టుకుని కేకలు పెట్టాను. ఒడ్డుకు చేరాక, వలలు బాగుచేసుకుంటున్న వారందరి ముందూ అతడు అన్నాడు:

"బళ్ళో పిల్లకాయల చేత గోడకుర్చీ వేయించినారే అయ్యవారూ, ఈరోజు మీరు నా మెడ మీదే కుర్చీ వేసినారే!"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ నవ్వు పళ్ళ మధ్య ఇసుకలా మిగిలిపోయింది.

తరువాత ఒక గాలివానకు డ్రమ్ము దిబ్బ మీదికి జరిగింది. చూశాను. చెప్పలేదు. మరిచిపోయానా? లేదు. ఎదురుచూశాను.

మూడవ రోజు ఉదయం మంచు. ఒడ్డు గుర్తులు కనబడవు. పడవ తోస్తూ పోలయ్య అడిగాడు.

"డ్రమ్ము సరింగా ఉండాదా అయ్యవారూ?"

"ఉంది."

"మీరు చూసినారంటే ఇంక నాకేం భయం లే."

డ్రమ్మును నమ్మి వేసిన లంగరుకు విరిగిన పగడపు కొమ్మ తగులుకుని వచ్చింది. దాచవచ్చు. అతడు దాచలేదు. తానే తెచ్చి పెద్దల ముందు పెట్టి, అయ్యవారిని అడిగే వేశానన్నాడు. పెద్దలు నా వైపు తిరిగారు.

"నన్ను అడగలేదు" అన్నాను. అడిగి ఉంటే డ్రమ్ము జరిగిందని చెప్పి ఉండేవాణ్ణని కూడా అన్నాను. పిల్లల అబద్ధాన్ని ఏనాడూ క్షమించని నోటితోనే. పోలయ్య నా వైపు ఒకసారి చూశాడు. కట్టడి ప్రకారం పెద్దలు అతని పడవను దిబ్బకు పోకుండా ఆపేశారు.

అప్పుడు నాకు కలిగింది సిగ్గు కాదు, తృప్తి. అతని తల వంగడం కళ్ళారా చూశాను. దిబ్బను కాపాడడానికి నేను రాసిన నియమంతోనే దిబ్బనూ మనిషినీ కొట్టానన్న సంగతి ఎంతో ఆలస్యంగా తట్టింది. ఇప్పటికీ, ఆనాటి నవ్వు చెవిలో పడితే పిడికిలి ఎందుకు బిగుస్తుంది? మళ్ళీ అవకాశం వస్తే ఏం చేస్తాను? చెప్పలేను.

పోలయ్య ఇప్పుడు రొయ్యల గుంటల దగ్గర కూలికి పోతున్నాడు. ఎదురైతే నమస్కారం పెడతాడు. క్షమాపణ అడిగే అర్హత నాకు లేదు, అడగను. అతడు అడిగిన ప్రశ్నకు మాత్రం సరైన జవాబు రాసిపెడుతున్నాను.

లేదు పోలయ్యా. డ్రమ్ము సరిగ్గా లేదు.