రాణి తమ్ముడు చచ్చినా ఏడవని మా అత్త

మా అత్త పోయిందని ఫోన్ వచ్చేసరికి నేను హైదరాబాదులో ఒక రాణిని ఎలా చంపాలా అని తల పట్టుకుని కూర్చున్నాను. గురువారం, పొద్దున ఎనిమిదిన్నర. కోయంబత్తూరు నుంచి బావ, అత్త కొడుకు. అమ్మ పాలు పొయ్యి మీద పెట్టి కుర్చీలో కూర్చుందట, పాలు పొంగి పొయ్యంతా పారినా లేవలేదట. సాయంత్రం ఐదున్నరకి తీస్తారు, ఉన్నపళంగా బయలుదేరు అన్నాడు.

నేను ఒక పెద్ద ఫాంటసీ సిరీస్‌కి రాసే ఐదుగురిలో ఒకదాన్ని. ఉప్పుతో కట్టిన కోటలు, రెక్కలున్న ఏనుగులు, వాటి మీద యుద్ధానికి పోయే రాణి. ఒక్క ఏనుగు రెక్క కదిలించడానికి గది నిండా మనుషులు కంప్యూటర్ల ముందు నెలల తరబడి కూర్చున్నారు. ఆ రాణికి ఏం ఇష్టమో ఆలోచించడానికి మాకు ఒక మధ్యాహ్నం కూడా దొరకలేదు. మొదటి సీజన్ చూసినవాళ్లు బొమ్మలు బాగున్నాయి, మనుషులే లేరు అని ఉతికి ఆరేశారు. రెండో సీజన్లో రాణి చచ్చిపోతుంది. ఆ చావు రాసే పని నాకిచ్చారు, అది కూడా తేలిపోతే ఇక నా అవసరం ఉండదని ముందే చెప్పారు. అత్త పోయిందని చెబితే డైరెక్టరు అయ్యో అన్నాడు, వెళ్లిరమ్మన్నాడు, సీన్ మాత్రం రేపు పొద్దుటికి పంపాలన్నాడు. సెట్ వేసి పెట్టుకున్న మనిషి, ఆయన బాధ ఆయనది.

కోయంబత్తూరు పీలమేడులో మేము ఎన్ని తరాలుగా ఉన్నామో లెక్క తెలియదు. ఇంట్లో తెలుగే, బడిలో మాత్రం తమిళం. నేను తెలుగు అక్షరాలు దిద్దింది ముప్పై దాటి హైదరాబాదు వచ్చాకే. అత్తకు అవి రానే రావు. బతికుండగా ఎవరైనా ఇది చదివి వినిపిస్తే, "సరే, దీంట్లో నేను ఏమి తింటా ఉండాను?" అని అడిగి ఉండేది. అది ఎందుకో చెబుతాను.

మా వైపు చావు ఇంట్లో ఆడవాళ్లు చుట్టూ కూర్చుని పోయినవాళ్ల మీద పాట కట్టి ఏడుస్తారు. ఒప్పారి అంటాం. ఇప్పుడు చాలా ఇళ్లలో మైక్‌సెట్ పెట్టి పాట వేసేస్తున్నారు కానీ, మా వీధుల్లో మొన్నటి దాకా అత్తే మొదలుపెట్టాలి. చిన్నప్పుడు మేము చాటుగా ఏడుపత్త అని పిలుచుకునేవాళ్లం. ఆమెకు తెలుసు, పట్టించుకునేది కాదు. చక్కెర జబ్బు ఉండి కూడా డబ్బాలోంచి చెంచాతో చక్కెర తినేది, ఎవరైనా చూస్తే చీమలు పట్టినాయేమో చూస్తా ఉండానని దబాయించేది. అబద్ధం ఆడేటప్పుడు ఆమె ముఖంలో ఒక్క కండరం కదిలేది కాదు.

చావు ఇంటికి వెళితే ఆమె నేరుగా శవం దగ్గరికి వెళ్లేది కాదు. కళ్లద్దాలు తీసి పెట్టెలో పెట్టుకుని ముందు వంటింట్లోకి పోయేది. అక్కడ కోడళ్లనీ పనిమనిషినీ కూర్చోబెట్టి అడిగేది: ఒంటిగా ఉంటే ఏమి తినేవాడు, ఎవరి మీద కోపం మనసులో పెట్టుకున్నాడు, ఏమి దాచినాడు. జవాబు దొరికితేనే పాట. దొరక్కపోతే నోరు విప్పేది కాదు.

ఒకసారి మోటారు పంపుల షాపు పెద్దాయన పోయాడు. నాకు అప్పుడు పదిహేనేళ్లు, అత్త వెంట వెళ్లాను. కొడుకులు ముగ్గురూ ఆయన దేవుడు, అందరికీ సాయం చేసేవాడు, ఒకరిని నొప్పించి ఎరగడు అని చెప్పారు. అత్త విని, "దేవుడికి ఒప్పారి ఏమికి? సూడం బిళ్ల వెలిగించి, హారతి ఇచ్చి దండం పెట్టండి" అని గోడకు ఆనుకుని కూర్చుంది. అరగంట గడిచింది. చుట్టాలు గుసగుసలు మొదలుపెట్టారు. నాకైతే సిగ్గుతో భూమిలోకి పోవాలనిపించింది. చివరికి ఆయన పెళ్లాం నోరు విప్పింది. పెద్దోడు పరీక్ష తప్పితే బెల్టుతో కొట్టాడట, మరునాటి నుంచి నెల రోజులు షాపు వదిలి మధ్యాహ్నం పూట బడి గేటు అవతల నిలబడి, పిల్లోడు తిన్నాడా లేదా అని చూసి వచ్చేవాడట. కొడుక్కి ఎన్నడూ చెప్పలేదట. అత్త ఆ గేటు మాటతోనే పాట ఎత్తుకుంది. అప్పటిదాకా కట్టెలా నిలబడిన పెద్ద కొడుకు కూలబడిపోయాడు. వాడు అట్లా ఏడవడం అంతకు ముందు ఎవరూ చూడలేదు.

ఇంటికి వచ్చేటప్పుడు దారిలో నాతో, "మంచోడు అని చెప్తే ఎవురి కండ్లూ తడవవు పాపా" అంది. నేను రచయిత్రిని అయ్యాను, ఎన్నో పుస్తకాలు చదివాను, పాత్రల గురించి పెద్ద పెద్ద పాఠాలు విన్నాను. నా సిరీస్ రాసేటప్పుడు ఈ ఒక్క మాట మాత్రం గుర్తుకు రాలేదు. నా ఖర్మ.

మొదటి సీజన్ వచ్చినప్పుడు అత్త ఇంట్లోనే అందరం కూర్చుని చూశాం. తమిళంలో డబ్ చేసింది. ఆమె పొద్దుట్నుంచి బోండాలు వేసింది, చుట్టాలను పేరు పేరునా పిలిచింది. ఆఖరి భాగంలో రాణి తమ్ముడు చచ్చిపోతాడు. కోట కూలుతుంది, ఏనుగులు మంటల్లో ఎగురుతాయి. అందరూ చప్పట్లు కొట్టారు. అత్త ఒక్కతే బోండా చేతిలో పట్టుకుని నా వైపు చూసింది.

"ఆ పిల్లోడు అన్నం తిన్నది ఒక్క తూరి కూడా చూపించలేదే. ఎవురికోసరం ఏడవాల నేను?"

ఇది వేరే లోకం అత్తా, ఫాంటసీ, ఇందులో అన్నం కూర చూపించరు అన్నాను.

"ఏనుగుకి రెక్కలు పెట్టినావు, నమ్మినాను. తమ్ముడు చచ్చినాక ఆ పిల్ల ఏమీ జరగనట్టు సుమ్మా తల దువ్వుకొని నిలబడింది చూడు, దాన్ని నమ్మలేను."

ఎవరో నవ్వారు. ఒళ్లు మండిపోయింది నాకు. రెండేళ్ల కష్టం, అందరి ముందూ. "చావిండ్లలో ఏడ్చేదానివి, కథల గురించి నీకేమి తెలుసు?" అనేశాను. అంత మాట అన్నాక నాలుక కరుచుకుంటే ఏం లాభం? అత్త బోండాల పళ్లెం తీసుకుని లోపలికి పోయింది. నేను ఆ సాయంత్రమే బయలుదేరాను, పది నెలలు ఆ గడప తొక్కలేదు.

ఆ పది నెలల్లో ఆమె అన్న మాటే ఊరంతా అంది. రాణి చావు రాయలేక చచ్చే స్థితి వచ్చాక సిగ్గు విడిచి ఫోన్ చేశాను. ఆమె ఎత్తగానే తిన్నావా అని అడిగింది, నిన్ననే మాట్లాడినట్టు. అప్పుడే తప్పయిపోయింది అత్తా అని ఉండాల్సింది. అనలేదు. పని గురించి అడిగాను, రాణిని చంపాలి, ఎట్లా అన్నాను. ఫోన్లో చావు మాట్లాడకూడదు, ఆదివారం వచ్చి నా ముందర కూసో అంది. వస్తానని రెండు ఆదివారాలు ఎగ్గొట్టాను. ఈ ఆదివారం తప్పకుండా అని మాటిచ్చాను. గురువారం ఆమె పోయింది.

విమానాశ్రయం నుంచి పీలమేడు పది నిమిషాలు. రెండింటికల్లా ఇంట్లో ఉన్నాను. హాల్లో అత్తను పడుకోబెట్టారు, ముఖం మీద పసుపు. గోడ మీద దినం చించే క్యాలెండరు ఇంకా బుధవారం దగ్గరే ఉంది. రోజూ కాఫీకి ముందు దాన్ని చించేది ఆమే. ఆడవాళ్లు చుట్టూ కూర్చున్నారు కానీ ఒక్క పాట లేదు. మొదలుపెట్టాల్సిన మనిషే పడుకుని ఉంది కదా. మైక్‌సెట్ తెప్పిద్దామా అని ఎవరో అడిగారు. అత్త తోడికోడలు, పళని నుంచి వచ్చిన పెద్దావిడ, చెయ్యి అడ్డం పెట్టి నా వైపు తిరిగింది.

"నువ్వు కథలు రాసేదానివి కదా. ఆమె వెనకాల్నే తిరిగినావు. ఎత్తుకో."

అందరూ నన్నే చూస్తున్నారు. నోరు తెరిచాను. మంచిది, అందరికీ పెట్టింది, అందరినీ ఓదార్చింది అని వచ్చింది. రెండు ముక్కలు అనేసరికి నాకే వినిపించింది, అది నా రాణి గొంతు. ఒక్క కన్ను తడవలేదు. పళని అత్త నెమ్మదిగా, "అది సరే, ఏమి దాచింది?" అని అడిగింది.

నాకు తెలియదు. ఆమె మాటలన్నీ నోటికి వచ్చు, ఆమెకు ఏం కావాలో తెలియదు. చక్కెర డబ్బా తప్ప ఇంకేం దాచిందో నలభై ఏళ్లలో ఒక్కసారీ అడగలేదు. టైము నాలుగు దాటింది. బయట పాడె కడుతున్నారు, వెదురు కొడుతున్న చప్పుడు వినిపిస్తోంది.

లేచి వంటింట్లోకి పోయాను, చావు ఇళ్లలో అత్త వెళ్లినట్టే. అక్కడ బావ భార్య ఉంది, అక్క అంటాను. పొయ్యి మీద మాడిన పాలు గీకుతోంది. "అక్కా, అత్త ఏమి దాచింది?" అన్నాను. అక్క గీకడం ఆపింది. తర్వాత చెయ్యి కడుక్కుని, షెల్ఫు మీది కళ్లద్దాల పెట్టె తీసింది. వారం నుంచి మధ్యాహ్నాలు టీవీలో నీ సిరీస్ వేసుకుని, నిలిపి నిలిపి చూస్తా ఏమో రాసుకుంటా ఉండింది, ఆదివారం దాకా ఎవురూ దీన్ని తాకకూడదు అని చెప్పింది అంది.

పెట్టెలో అద్దాల కింద మడత పెట్టిన కాగితం. అత్త రాత. తమిళ అక్షరాలు, తెలుగు మాటలు. మాలో పెద్దవాళ్లు అట్లాగే రాస్తారు.

రాణి ఒంటిగా ఉంటే ఏమి తింటుంది?
తమ్ముడి చొక్కా యాడ పెట్టింది?
ఏనుగుకి పేరు ఏమికి పెట్టలేదు?
ఆమె కోపం ఎవురి మీద? చెప్పుకోలేనిది.

అన్నిటికన్నా కింద, చిన్న అక్షరాలతో: పాపకి నా మీద కోపం పొయిందా? పక్కనే ఇంకా చిన్నగా: ఇది అడగకూడదు.

కాగితం తిప్పాను. ముందు వైపు ఎర్ర అంకె. రాబోయే ఆదివారం కాగితం అది. క్యాలెండరులోంచి చించి, దాని వెనక రాసింది.

హాల్లోకి వచ్చి ఆమె తల దగ్గర కూర్చున్నాను. నాకు పాట రాదు, గొంతు అంతకన్నా రాదు. ఎత్తుకున్నాను.

"ఆదివారం చించి పెట్టి యాడికి పొయినావత్తా,
అడగాల్సింది అడక్కుండా ఏల పొయినావత్తా..."

ఆ కాగితంలో ఉన్నదంతా పాడాను. బోండాల రోజు నేను అన్న మాట కూడా పాడాను, అందరి ముందూ అన్నది అందరి ముందే ఒప్పుకోవాలి కదా. పళని అత్త నా భుజం పట్టుకుని గొంతు కలిపింది, ఆ తర్వాత ఒక్కొక్కరూ కలిపారు. ఐదున్నరకి తీయాల్సిన వాళ్లు ఆరింటి దాకా గుమ్మంలో నిలబడిపోయారు.

మరునాడు పొద్దున అత్త వంటింట్లో కూర్చుని రాణి చావు రాశాను. యుద్ధం ముందు రోజు రాణి తమ్ముడి చొక్కా మడత విప్పి, మళ్లీ మడిచి, ఎవరూ చూడకుండా ఏనుగు అంబారీలో దాచుకుంటుంది. యుద్ధం నాలుగు వాక్యాలే. డైరెక్టరు ఫోన్ చేసి ఏనుగు ఎగరదా అని అడిగాడు. ఎగురుతుంది సార్, ఇప్పుడు దానికి పేరు కూడా ఉంది అన్నాను. చూద్దాం అన్నాడు. ఉంచుతాడో తీసేస్తాడో ఇంకా తెలియదు.

ఆదివారం పొద్దున అక్క కాఫీ పెట్టి, నాలుగు రోజులుగా ఎవరూ ముట్టని క్యాలెండరు దగ్గరికి పోయింది. బుధవారం, గురువారం, శుక్రవారం, శనివారం వరసగా చించింది. కింద సోమవారం ఉంది. అక్క చెయ్యి ఆగిపోయింది. నేను సంచిలోంచి కాగితం తీసి ఇచ్చాను. అక్క దాన్ని గుండుసూదితో అక్కడే గుచ్చింది, అత్త రాత బయటికి కనిపించేట్టు.

సోమవారం దాన్ని ఎవరూ చించలేదు. నేను విమానానికి బయలుదేరేటప్పుడు కూడా ఆ గోడ మీద ఆదివారమే ఉంది.