మా బావ బిగించిన మూత

మా బావ చేతిలో పడ్డ మూత మళ్ళీ మామూలుగా తెరుచుకోదు. మందు సీసా కానివ్వండి, ఉప్పు డబ్బా కానివ్వండి, పీక నొక్కి మరీ బిగిస్తాడు. వాళ్ళింట్లో కుళాయిలు కారవు, నిజమే. కాని వాటిని తిప్పాలంటే అక్క తువ్వాలు చుట్టి రెండు చేతులూ వెయ్యాలి. బావ ఉద్యోగమంతా ఒక గిడ్డంగిలో స్టోర్‌కీపరుగా చేశాడు. "నా హయాంలో ఒక్క చుక్క కారలేదు, ఒక్క గింజ రాలలేదు" అని దొరికినవాళ్ళకల్లా చెబుతాడు. నేను వాళ్ళ మేడ మీద వాటాలో ఉంటాను కనుక రోజూ దొరుకుతాను.

రిటైరయ్యాక ఎవరో షెడ్డులో పడేసిన పాత కారు ఒకటి కొని తెచ్చాడు. తలుపులకు తుప్పు, సీట్లలో ఎలుకల కాపురం. మెకానిక్‌కి చూపించమంటే, "వాళ్ళకేం తెలుసు? విప్పడమే గాని బిగించడం రాదు" అన్నాడు. బిగించడం ఈయనకు వచ్చు. అదే మా ఖర్మ.

కారు ఎగిరిందా పడిందా అని నేనూ పట్టించుకునేదాన్ని కాదు, అక్క సంగతి దానికి ముడిపడకపోతే. అక్క నర్సు. తను పని నేర్పిన పిల్లలే తన పైఅధికారులై కూర్చుంటే నోరెత్తకుండా చేసుకొచ్చిన మనిషి. అలాంటిదానికి ఊరవతల కొత్తగా కట్టిన ఆసుపత్రి నుంచి హెడ్ నర్సుగా రమ్మని కబురొచ్చింది. పొద్దుటి డ్యూటీ వేళకు అటు బస్సు లేదు. ఈమె ఆలస్యమైతే రాత్రి డ్యూటీ చేసిన నర్సు ఇంటికి పోవడానికి వీల్లేదు. అందుకని అక్క ఈ వయసులో డ్రైవింగ్ నేర్చుకుని లైసెన్సు తెచ్చుకుంది. శనివారం లోపల వస్తానో రానో చెప్పాలి. కారును నమ్మగలిగితేనే వస్తానంటుంది.

కారు నడవక కాదు. పొద్దున్నే ఒక్క తిప్పుకు స్టార్టవుతుంది. బజారు దాకా బుద్ధిగా వెళ్ళి, అక్కడ రెండు దగ్గులు దగ్గి ఆగిపోతుంది. బావ దిగుతాడు. బానెట్ ఎత్తి ఏదో ఒకటి గిల్లుతాడు. పెట్రోలు చూపించే ముల్లు ఎప్పుడో చచ్చింది కనుక, వెనక్కి వెళ్ళి ట్యాంకు మూత తీసి, కర్ర ముంచి చూసుకుంటాడు. మళ్ళీ కూర్చుని తిప్పితే, కాస్త మూలిగి బండి లేస్తుంది. ఆ రోజు ఏది గిల్లాడో దానిదే నేరం.

మొదట ప్లగ్గులన్నాడు, మార్చాడు. తర్వాత కాయిల్ వేడెక్కుతోందని దానికి తడిగుడ్డ చుట్టాడు, జ్వరం తగిలిన పిల్లాడికి చుట్టినట్టు. ఆ పైన కార్బురేటర్ విప్పి వంటగట్టు మీద పరిచాడు. అక్క పెట్రోలు వాసన మధ్యే వండి వడ్డించింది. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళంటారు గాని, మా బావ పూటకో కుందేలును పట్టేవాడు.

"బావా, జబ్బు ఇంజన్‌కా, నీ చేతికా?" అన్నాను ఒకసారి మెట్లు దిగుతూ.

"నీకు తెలీదులే. ఇప్పుడు దొంగ దొరికాడు. పంపు! ఇంజన్‌కి పెట్రోలు లాగే పంపు!" అన్నాడు మసి మొహంతో.

పంపూ మార్చాడు. శుక్రవారం మధ్యాహ్నం, ఇదే ఆఖరి పరీక్ష అని ముగ్గురం బయల్దేరాం. బజారు మలుపులో మామూలుగానే రెండు దగ్గులు. వెనకాల బస్సువాడు హారన్ మీద చెయ్యి తియ్యడు. బావ పంపును స్క్రూడ్రైవర్ పిడితో రెండు మొత్తి, వెనక్కి పోయి కర్ర ముంచి వచ్చాడు. బండి లేచింది.

"చూశావా? పంపులో చిన్న సర్దుబాటు" అన్నాడు గర్వంగా. వంతెన ఎక్కకుండానే మళ్ళీ ఆగింది. ఈసారి అక్క తలుపు తీసుకుని దిగింది.

"ఏమండీ, బానెట్ ఎత్తకండి."

"ఎత్తకపోతే ఎలా తెలుస్తుందే?"

"ఊరికే కూర్చోండి, చెప్తాను."

వెనక్కి వెళ్ళి, తువ్వాలు చుట్టి, పళ్ళు బిగబట్టి ఆ మూత తిప్పింది. సుయ్యిమని ట్యాంకు గాలి పీల్చుకున్న చప్పుడు ముందు సీటు దాకా వినబడింది. "ఇప్పుడు తిప్పండి" అంది. ఇంజన్‌ను ఎవరూ తాకలేదు. బండి లేచింది.

మూత తిరగేసి చూస్తే, గాలి లోపలికి పోవడానికి ఉండాల్సిన చిన్న కన్నం మీద సైకిల్ ట్యూబు ముక్క కోసి నీటుగా అంటించి ఉంది.

"ఇదెవరు అంటించారు?" అంది అక్క.

"పెట్రోలు ఆవిరైపోదూ మరి?" అన్నాడు స్టోర్‌కీపరు.

"మేం కొత్తగా చేరినప్పుడు సెలైన్ గాజు సీసాల్లో వచ్చేది. గాలి వెళ్ళడానికి ఇంకో సూది గుచ్చకపోతే కాసేపటికి చుక్క దిగదు. ఇదీ అంతే. మీరు కర్ర ముంచడానికి మూత తీసినప్పుడల్లా గాలి లోపలికి పోతోంది, బండి లేస్తోంది. గిల్లినందుకు కాదు."

అక్క గోటితో ఆ రబ్బరు పీకి పారేసింది. కారు వంతెన దాటి, కొత్త ఆసుపత్రి గేటు చూసి, ఒక్క దగ్గు దగ్గకుండా ఇల్లు చేరింది. పనికొచ్చే ప్లగ్గులూ పంపూ చెత్తలో పోసి, తీరా చూస్తే తాను అంటించిన రబ్బరు ముక్క! కనీసం ఆ పూటకైనా నోరు మూసుకుంటాడనుకున్నాను.

సాయంత్రం కిందికి దిగేసరికి గేటు దగ్గర ఎదురింటాయనకు ఉపన్యాసం నడుస్తోంది. "నాకు మొదట్నుంచీ ట్యాంకు మీదే అనుమానమండీ. సెలైన్ సీసా చూళ్ళేదూ? గాలి వెళ్ళకపోతే చుక్క దిగదు!"

నాకు ఒళ్ళు మండిపోయింది. అక్క లోపల యూనిఫాం ఇస్త్రీ చేసుకుంటోంది.

"వింటున్నావా? సిగ్గుండాలి మనిషికి! నువ్వు వెళ్ళి చెప్తావా, నన్ను చెప్పమంటావా?"

"ఊరుకోవే. నేను కనిపెట్టానంటే, అది కాదని చూపించడానికి రేపు పొద్దున్నే ఇంజన్ విప్పుతారు. తనే కనిపెట్టాననుకుంటే ఇంక దాని జోలికి పోరు. సోమవారం నుంచి వస్తానని ఫోన్ చేసేశాను."

"ఇలా ఇంకెన్ని ఆయన పేరున రాసేశావే?"

అక్క నవ్వలేదు. కాలరు తిరగేసి ఇస్త్రీ పెట్టె ఆనించింది. "అవన్నీ గుర్తుపెట్టుకుంటే కాపురం చేస్తామా?" అంది.

ఇంతలో గేటు దగ్గర్నుంచి కేక వినబడింది. "ఏమేవ్, ఒకసారి ఇటు రా! నేనెలా పట్టుకున్నానో ఈయనకి నువ్వు చెప్పు, నమ్మట్లేదు!"

అక్క ఇస్త్రీ పెట్టె స్విచ్చి ఆపింది. చెయ్యి తుడుచుకుని గేటు దాకా వెళ్ళి, ఆయన ఎలా పట్టుకున్నాడో వివరంగా చెప్పింది. నేను మేడ మీదికి వెళ్ళి తలుపు వేసుకున్నాను. ఆ సాయంత్రం నాకు బావ మీద కన్నా అక్క మీదే ఎక్కువ కోపం వచ్చింది.