కారుకు గాలితిత్తులు బిగించిన కథ

బరువెక్కితే మా కారు వెనక భాగం కుక్క కూర్చున్నట్టు కూర్చునేది. బరువంటే మనుషులది కాదు. నా భార్య ఇంట్లోనే ఓళిగలు, అదే బొబ్బట్లు, చేసి పెళ్ళిళ్ళకూ గృహప్రవేశాలకూ పంపుతుంది. హిందూపురంలో మా వీధి నుంచి మొదలైన పని, నోటి మాట మీద పెనుకొండకూ ధర్మవరానికీ పాకింది. ఓళిగలు అడిగినవాళ్ళు ఓళిగ సారు కూడా అడగకుండా ఉండరు. బేడలు, అంటే పప్పు, ఉడికించి వంచిన కట్టుతో కాచే ఆ సారు పెద్ద స్టీలు తపేలాల్లో డిక్కీలోకి ఎక్కిందంటే, కారు ముక్కు ఆకాశాన్ని చూసేది. సోమందేపల్లి దగ్గర హంపు దాటేటప్పుడు అడుగు గర్రుమని గీసుకునేది. టీ అంగడి ముందర కూర్చున్నవాళ్ళంతా గ్లాసులు పట్టుకుని మా వైపు తిరిగి చూసేవాళ్ళు. ఆ చూపులే నన్ను మెకానిక్‌ను చేసినాయి.

నాది కర్టెన్ బట్టల అంగడి. మధ్యాహ్నం బేరాలుండవు. ఫోన్‌లో వీడియోలు చూస్తూ కూర్చుంటే, ఒకరోజు ఎయిర్ సస్పెన్షన్ కిట్టు కనిపించింది. రెండు రబ్బరు తిత్తులు, సన్న పైపులు. కారు వెనక స్ప్రింగుల లోపల తిత్తులు పెట్టి, బయట నుంచి సైకిల్ ట్యూబుకు కొట్టినట్టు గాలి కొడితే బండి లేచి నిలబడుతుంది. వీడియోలో ఒకాయన తెల్ల చొక్కా నలగకుండా పని ముగించి చేతులు తుడుచుకున్నాడు. ఆయన చేయగలిగింది నేనెందుకు చేయలేను అనుకున్నాను. అంతకు ముందు మా ఇంట్లో మిక్సీ బాగుచేసింది నేనే. అది మళ్ళీ వారానికే ఆగిపోయిన సంగతి ఆ క్షణాన గుర్తు రాలేదు.

కిట్టు వచ్చిన ఆదివారం అంగడి మూసి, కారును ఇంటి ముందర నిలబెట్టి, పాత లుంగీ కట్టుకుని దిగినాను. నాయన అరుగు మీద కూర్చుని శనక్కాయలు వొలుస్తున్నాడు. నేను జాకీ తిప్పి కారు లేపడం, కింద మొద్దులు పెట్టడం, చక్రం ఊడదీయడం అన్నీ చూసి, నేను కిందికి దూరే ముందర అడిగినాడు.

"ఏమప్పా, నువ్వు మళ్ళా బయటికి రాకుంటే ఎవర్ని పిలవాల్నో చెప్పి పో."

"నువ్వు ఊరికే ఉండు నాయనా. ఇది చిన్న పని."

చిన్న పనే. కానీ తిత్తి స్ప్రింగులోకి దూరలేదు. అది నిండు పొట్ట వేసుకుని వచ్చినట్టు ఉబ్బి ఉంది. నేను ఒకవైపు తోస్తే ఇంకోవైపు బయటికి వచ్చేది. స్నానం చేయించబోతే పిల్లి పెనుగులాడినట్టు నా చేతుల్లో పెనుగులాడింది. మోచేతులు గీసుకుపోయినాయి. నా భార్య ఓళిగల పిండి పిసికే చేతులతోనే వచ్చి కాసేపు చూసింది.

"ఆ మూత తీసి గాలి పిండేస్తే పోదా అండి?" అంది.

పోతుంది. కిట్టుతో పాటు ఇచ్చిన కాగితంలో మొదటి మాటే అది. నేను రెండో పేజీ నుంచి చదవడం మొదలుపెట్టినాను, ఎందుకంటే మొదటి పేజీ తెలివిలేని వాళ్ళ కోసం రాసి ఉంటారని నా నమ్మకం. మూత తీసి, గాలి పిండి, చాపలాగా చుట్టి, సోపు నీళ్ళు రాసి తోస్తే లోపలికి జారిపోయింది. రెండోవైపు కూడా పెట్టేసినాను. ఇక పైపులు. వాటిని సైలెన్సరు గొట్టానికి దూరంగా తిప్పి తీసుకుపోవాలని కాగితం చెప్పింది. దూరంగానే పెట్టినాను. అయితే కారు పైకి లేచి ఉన్నప్పుడు చూసిన దూరం, కారు కిందికి దిగి బరువెక్కినాక ఉండే దూరం ఒకటి కాదన్న ఆలోచన నాకు రాలేదు.

చక్రాలు బిగించి, పంపుతో గాలి కొడితే కారు వెనక భాగం మెల్లగా లేచింది. ఆ సంతోషంలో ఇంకాస్త కొట్టినాను. ఇంకాస్త కొట్టినాను. దూరంగా నిలబడి చూస్తే కారు వెనక భాగం పైకెత్తి తల నేలకు వంచినట్టుంది.

"ఎవరికిరా అట్ల దండం పెడుతాండాది?" అన్నాడు నాయన.

"బరువెక్కితే సరిపోతుందిలే నాయనా."

ఖాళీ బండితో వీధి చివర దాకా పోయి వచ్చినాను. ఒక చిన్న రాయి ఎక్కితే నా నెత్తి పైకప్పుకు తగిలింది. అది నా ఒళ్ళు తేలికవడం వల్ల అని సర్దిచెప్పుకున్నాను.

ఆ తర్వాత వచ్చిన మొదటి పెద్ద పని ధర్మవరంలో పట్టుచీరలు నేసే వాళ్ళింట గృహప్రవేశం. తెల్లారి లేచి బుట్టలూ, సారు తపేలాలూ ఎక్కించినాము. కారు నేలకు సమంగా నిలబడింది. ఇంత అందంగా అది ఎప్పుడూ నిలబడలేదు. నేను చుట్టూ తిరిగి చూసి, నా భార్యను కూడా దిగి చూడమన్నాను. ఆమె ముందు సీట్లో నుంచి దిగకుండానే, "చూసినాలెండి, పోదాం" అంది.

సోమందేపల్లి హంపు వచ్చింది. టీ అంగడి ముందర జనం ఉన్నారు. బాగా నిదానం చేసి, అందరికీ కనపడేటట్టు దాటించినాను. చిన్న చప్పుడు కూడా రాలేదు. చప్పుడు రాలేదు కాబట్టి ఒక్కరూ తల తిప్పలేదు. ఇన్నాళ్ళూ తలలు తిప్పి నా పరువు తీసినవాళ్ళు, నేను గెలిచిన రోజున టీ తాగుతూ కూర్చున్నారు. ఆ దిగులుతోనే పెనుకొండ దాటినాను.

దాటిన కాసేపటికి వెనక నుంచి బుస్సుమని చప్పుడు. కాలిన రబ్బరు వాసన. కారు కుడివైపుకు ఒరిగింది. డిక్కీలో తపేలా జారి దేనికో కొట్టుకున్న శబ్దం, ఆ వెంటనే చింతపండు, వెల్లుల్లి, ఇంగువ కలిసిన ఘుమఘుమ. బండి పక్కకు ఆపి డిక్కీ తెరిస్తే, ఓళిగల బుట్టలు పైన పెట్టినందుకు బతికిపోయినాయి. సారు మాత్రం ఒక తపేలా నిండుగా కారు పాలైంది. ఇంకోటి సగం మిగిలింది.

నలుగురిలో నా భార్య నన్ను మీరు అంటుంది. ఇంట్లోనూ అంతే. బాగా కోపం వస్తేనే నువ్వు అంటుంది.

"ఏం చేసినావు నువ్వు?" అంది.

కిందికి దూరి చూసినాను. వదులుగా వేలాడుతున్న పైపు సైలెన్సరు గొట్టానికి ఆని కరిగిపోయింది. గొట్టం వేడిగా ఉంటుందని తెలిసి కూడా వేలితో ముట్టుకుని చూసినాను. వేలు కాలింది. పైకి లేస్తుంటే, డిక్కీలో నుంచి కారుతున్న సారు నా వీపు మీద పడింది.

"రెండోవైపు గాలి కూడా తీసేస్తే సమంగా అన్నా ఉంటుంది కదా," అంది ఆమె.

"వద్దు మే. ఒక్క వైపన్నా పని చేస్తాండాది."

ఆమె నా వైపు చూసింది. నేను పోయి రెండోవైపు గాలి తీసేసినాను. కారు మళ్ళీ కుక్కలాగా కూర్చుంది. అంత కష్టపడి లేపినదాన్ని నా చేతులతోనే కూర్చోబెట్టినాను. నవ్వు వస్తుందేమో అనుకున్నాను కానీ రాలేదు.

ఆమె ధర్మవరానికి ఫోన్ చేసి, ఇంటామెతో చెప్పింది. "అక్కా, సారు కొంచెం ఒలికిపోయింది. నువ్వు భయపడొద్దు. కందిబేడలు పొయ్యి మీద పెట్టించు. నేనొచ్చి ఆడే కాస్తా." తర్వాత వెనక సీట్లో కూర్చుని, మిగిలిన తపేలాను రెండు చేతులతో పట్టుకుంది. ధర్మవరం దాకా ఎడ్లబండి లాగా నడిపినాను.

ఆ ఇంటి ముందర దిగగానే ఆమె కొంగు దోపుకుని నేరుగా పొయ్యి దగ్గరికి పోయింది. ఇంటాయన నా చొక్కా వాసన చూసి, "సారు బాగుండేట్టుండాదే," అన్నాడు. నాకు టెంకాయలు కొట్టే పని ఇచ్చినారు. కాలిన వేలితో అదీ సరిగా చేయలేదు.

భోజనాలకు కొంచెం ఆలస్యమైంది. అయితే అప్పుడే పొయ్యి మీద నుంచి దించిన సారు పొగలు కక్కుతూ విస్తళ్ళలోకి వచ్చేసరికి, మారు అడగని వాళ్ళు లేరు. ఇంటామె మా ఆమె చేయి పట్టుకుని, "పాపా, దూరం నుంచి తెచ్చినదానికీ ఈడ కాచినదానికీ ఎంత తేడా. మా ఆడబిడ్డ ఇంట్లో పనికి కూడా నువ్వు వచ్చి ఆడే కాయాల," అంది. నా భార్య ముఖం విప్పారింది. కడుపు నిండా తిన్నాక, నేను సారు బాగుందన్నాను. "మీ పుణ్యమే," అంది. మీరు అని వినిపించినందుకు నాకు ప్రాణం లేచి వచ్చింది.

అప్పటి నుంచి ఆమె సారు మోసుకుపోవడం మానేసింది. మసాలా పొడి మాత్రం తీసుకుపోయి, పోయినచోటే కాస్తుంది. కారులో తపేలాలే లేవు. నేను కొత్త పైపు తెప్పించి, ఈసారి మొదటి పేజీ నుంచి చదివి, కారును నేల మీద నిలబెట్టి దూరం చూసుకుని, సైలెన్సరు వైపుకే పోకుండా బిగించినాను. తిత్తులు బ్రహ్మాండంగా పని చేస్తున్నాయి. లేపడానికి బరువే లేదు.

మొన్న ఆమడగూరు పనికి పోయే ముందర, నా భార్యే పంపు తీసుకుని రెండు వైపులా కాగితం చెప్పినంతే గాలి కొట్టింది. నాయన వెనక సీట్లో ఎక్కినాడు. దారిలో గుంతలు చాలా ఉన్నాయి. నాలుగు గుంతలు దాటినాక ఆయన, "ఇంతకు ముందర ఈ కారెక్కితే నడుము పట్టేసేది, ఇప్పుడు నొప్పి లేదప్పా," అన్నాడు. ఆ ఒక్క మాటకు నేను ఆమడగూరు చేరేదాకా, గాలి ఎట్ల పని చేస్తుందో ఆయనకు వివరిస్తూనే ఉన్నాను. దిగేటప్పుడు చూస్తే ఆయన నిద్రపోతున్నాడు.